చీటీలక్కయ్య, పదకొండు నిమిషాల తాబేలు

ఆవిడ వంటింట్లో ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అని మాత్రమే ఉండదు. 'ఉప్పు, చెంచాల్లో' అని ఉంటుంది. గోడ గడియారం కింద 'సమయం, గంటల్లో' అని ఒక చీటీ. ఫ్యాను స్విచ్చి కింద 'గాలి, ఒకటి నుంచి ఐదు దాకా' అని ఇంకో చీటీ. ఒక ఆదివారం పొద్దున ఆవిడ భర్త 'భర్త, కిలోల్లో' అని రాసి చొక్కా జేబుకు అంటించుకుని టిఫినుకు వచ్చి కూర్చున్నాడు. ఆవిడ నవ్వలేదు. చీటీ కాస్త వంకరగా ఉందని సరిచేసి, తన పళ్లెం దగ్గరకు జరుపుకుంది.

అందుకే వీధి వీధంతా ఆవిడను చీటీలక్కయ్య అనేవారు. సొంత మరిది కూడా వదినా అనడం మానేసి ఆ పేరుకే అలవాటు పడ్డాడు. ఆవిడకు కోపం లేదు. పేరంటూ ఒకటి అతికినట్టు కుదిరింది కదా అని లోపల్లోపల సంతోషమే.

ఎనిమిది ఆవరణల చిన్న జంతుప్రదర్శనశాలలో రికార్డుల గది ఆవిడది. ఏ జంతువు ఎంత తింది, ఎంత బరువు పెరిగింది, ఎన్ని గుడ్లు పెట్టింది అన్నీ రిజిస్టర్లలో రాసి, నెలకోసారి డైరెక్టరు గారి మీటింగుకు గ్రాఫులు గీసివ్వాలి. మొదట్లో గళ్ల కాగితం మీద రంగు పెన్సిళ్లతో గీసేది. ఐదేళ్ల కిందట కంప్యూటరులోకి గణాంకాల ప్రోగ్రాము ఒకటి వచ్చింది. మౌసు పట్టి లాగితే బొమ్మ పడే రకం కాదు. అంకెకు తగ్గ ఎత్తున నిలబడే కమ్మీల్లో ఏది ఏ రంగులో ఉండాలి, ఏ గీత కింద ఏ పేరు ఎంత లావున ఉండాలి, అన్నీ ఆజ్ఞలుగా రాసివ్వాలి. ఒక్క కామా తగ్గినా అలిగి కూర్చుంటుంది. ఆఫీసు నుంచి ఆరుగురు సాయంకాలం తరగతులకు వెళ్లి, నలుగురు రెండో వారంలోనే చేతులెత్తేశారు. ఐదో మనిషి సగటులూ విచలనాలూ నేర్చుకుని మంచి ఉద్యోగం చూసుకున్నాడు. ఆరో మనిషి చీటీలక్కయ్య. ఆవిడ అక్షాల పేర్ల పాఠం దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి ముందుకు వెళ్లాల్సిన అవసరం ఆవిడకు ఎప్పుడూ కనబడలేదు.

అడ్డగీత కింద పేర్లు ఎంత సైజులో ఉండాలి, గీతకూ పేరుకూ మధ్య ఎంత సందు వదలాలి, నలుపు మరీ నలుపుగా ఉండాలా కాస్త బూడిదగా ఉండాలా, వీటి మీద ఆవిడ గంటలు గంటలు కూర్చోగలదు. కూర్చునేది కూడా. గ్రాఫు లోపలి కమ్మీలంటారా, వాటి సంగతి ప్రోగ్రాము చూసుకుంటుందని ఆవిడ నమ్మకం.

అంతా సాఫీగా సాగుతుండగా డైరెక్టరు గారి మెడ పట్టేసింది. డాక్టరు కాలర్ తొడిగి, మూడు నెలలు మెడ కదపడానికి వీల్లేదన్నాడు. ఆయన అవునని తల ఊపలేడు, కాదని తల తిప్పలేడు. ఎదురుగా ఏముందో అదే ఆయన లోకం. ఆవరణల వైపు నడక కూడా మానేసి గదిలోనే ఉండిపోయాడు.

ఆ నెల తిండి గ్రాఫులో చీటీలక్కయ్య జంతువుల పేర్లను నిలువుగా, కింది నుంచి పైకి రాయించింది. ఆవరణల బోర్డుల మీద ఉన్న పూర్తి పేర్లే గ్రాఫులోనూ ఉండాలని డైరెక్టరు గారి ఆజ్ఞ. 'పొట్టి గోళ్ల నీటికుక్క', 'నక్షత్రాల వీపు తాబేలు' లాంటివి అడ్డంగా రాస్తే ఒకదాని మీదికి ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. అందుకని నిలబెట్టింది. నిలువు పేర్లు చదవాలంటే ఎవరైనా మెడ పక్కకు వంచాలి. డైరెక్టరు గారు మెడ వంచలేడు కాబట్టి మొత్తం మనిషినే వంచాడు. కూర్చున్నది చక్రాల కుర్చీలో. మూడో పేరు దగ్గర కుర్చీతో సహా వెళ్లి పక్కనున్న పశువైద్యుడి ఒళ్లో పడ్డాడు.

"జిరాఫీ దాకా చదివాను" అన్నాడు ఒళ్లోంచే. "వచ్చే నెల పేర్లు నిటారుగా ఉండాలి మేడం. నేను నిటారుగా కూర్చుని చదవాలి."

వచ్చే నెల గ్రాఫు మామూలుది కాదు. వేరే ఊరి జంతుప్రదర్శనశాల వాళ్లు ఒక జంతువును మార్పిడికి అడుగుతున్నారు. ఏది పంపాలో తేల్చడానికి, ఏ ఆవరణ ముందు జనం ఎంతసేపు నిలబడుతున్నారో లెక్క తీయమని డైరెక్టరు గారు ఆవిడకు స్టాప్‌వాచీ ఇచ్చాడు. జనం చూడనిది లారీ ఎక్కుతుందన్నమాట.

చీటీలక్కయ్య ఆ పనిని శ్రద్ధగా చేసింది. మడత స్టూలు వేసుకుని, జంతువుకు వీపు పెట్టి, జనం కాళ్లకేసి చూస్తూ కూర్చునేది. మొహాలు చూస్తే మనిషి చూస్తున్నాడో చూస్తున్నట్టు నటిస్తున్నాడో తెలియదనీ, కాళ్లకు నటన రాదనీ ఆవిడ సిద్ధాంతం. చెప్పులు ఆగినప్పుడు నొక్కాలి, కదిలినప్పుడు నొక్కాలి. బూటు లేసు కట్టుకోవడానికి ఆగితే లెక్కలోకి రాదు. ఫోను మాట్లాడుతూ ఆగితే రాదు. జంటగా ఆగి ఒకరినొకరు చూసుకుంటుంటే అసలే రాదు. ఏ ఆవరణ ముందు కూర్చుంటే దాని పేరు పేజీ పైన రాసి, కింద నిమిషాలు వేసుకుంటూ పోయింది. నెల తిరిగేసరికి రెండు వందల నలభై పేజీలు నిండాయి. ఇన్ని రోజుల్లో ఆవిడ ఒక్క జంతువునూ చూడలేదు. ఊళ్లోవాళ్ల పాదరక్షల మీద మాత్రం పుస్తకం రాసేంత జ్ఞానం వచ్చింది.

అంకెలన్నీ కంప్యూటరుకెక్కించాక అసలు చిక్కు మొదలైంది. అడ్డంగా రాస్తే పేర్లు తొక్కుకుంటాయి, నిలువుగా రాస్తే డైరెక్టరు గారు పడిపోతాడు. ఆవిడకు అన్నం సయించలేదు. భర్త బోర్డుల పెయింటరు. ముప్ఫై ఏళ్లుగా దుకాణాల మీద అక్షరాలు రాసి బతికినవాడు.

"దీనికింత ఆలోచనెందుకోయ్? చోటు చాలకపోతే పేరును రెండు వరుసలు చేస్తాం. పైన 'పొట్టి గోళ్ల', కింద 'నీటికుక్క'. అంతే" అన్నాడు.

ఆవిడ మొహం వెలిగిపోయింది. ప్రోగ్రాము తనంతట తాను రాసే పేర్లను పక్కన పెట్టి, ఎనిమిది పేర్లనూ సొంతంగా, రెండేసి వరుసలుగా విరిచి, ఒక జాబితాగా రాసిచ్చింది. గేటు నుంచి నడుచుకుంటూ వెళితే ఏది ముందొస్తుందో ఆ వరుసలో రాసింది. ఆవిడకు అదే సహజమైన వరుస. కానీ కమ్మీలను నిలబెట్టేది ప్రోగ్రాము. దానికి గేటు ఎక్కడుందో తెలియదు. అది ఎప్పుడూ అక్షరక్రమంలోనే నిలబెడుతుంది. ఇచ్చిన పేర్లను వరసగా ఒక్కో కమ్మీ కింద తగిలించుకుంటూ పోతుంది. ఇది దీనిదేనా అని అడగదు. ఆ సంగతి తరగతిలో చెప్పిన రోజు ఆవిడ అక్షరాల లావు గురించి నోట్సు రాసుకుంటోంది.

మూడు రోజులు సందులు సవరించి, సైజులు తగ్గించి పెంచి, నాలుగో రోజు అచ్చు తీసి భర్తకు చూపించింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని పరీక్షగా చూశాడు.

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఈ తాబేలు కమ్మీ ఏంటి, ఇంత పొడుగుంది?"

"కమ్మీ సంగతి ఎందుకండీ మీకు? అక్షరాలు చూడండి."

ఆయన అక్షరాలు చూశాడు.

మీటింగులో డైరెక్టరు గారు నిటారుగా కూర్చుని, ఒక్క వేలంత కూడా వంగకుండా, ఎనిమిది పేర్లూ గడగడా చదివేశాడు. నెల రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు కనిపించింది. "శభాష్ మేడం. ఇదీ గ్రాఫంటే" అన్నాడు. తర్వాతే కమ్మీల వంక చూశాడు. నక్షత్రాల వీపు తాబేలు, పదకొండు నిమిషాలు. పొట్టి గోళ్ల నీటికుక్క, నలభై సెకన్లు. ఎలుగుబంటి, గుడ్లగూబ, ముళ్లపంది కూడా లోపల్లోపల ఇళ్లు మారిపోయాయి గానీ, ఆ మూడూ ఇంచుమించు ఒకటే ఎత్తు కాబట్టి ఎవరి కంటా పడలేదు.

పశువైద్యుడు గొంతు సవరించుకున్నాడు.

"ప్రశాంతత సార్. ఈ రోజుల్లో జనానికి కావాల్సింది అదే. తాబేలును చూస్తే బీపీ తగ్గుతుంది."

తోటల సూపర్‌వైజరు అందుకుని, నీటికుక్కలు మరీ గోల చేస్తాయని, చూసేవాళ్ల మీద నీళ్లు చిందుతాయని, తనకు ముందే అనుమానం ఉండేదని చెప్పాడు. పది నిమిషాల్లో ఆ గదిలో ఇది ముందే తెలియనివాడంటూ లేకుండా పోయాడు. చదువుకున్న మనుషులకు ఇదో జబ్బు. ఎంత వంకర లెక్క చూపించినా దానికి తగ్గ కారణం జేబులోంచి తీసిస్తారు. చీటీలక్కయ్యకూ క్షణం పాటు ఏదో కలుక్కుమంది. కానీ చెవిలో 'శభాష్' ఇంకా మోగుతోంది. పేర్లు ఇంత స్పష్టంగా ఉన్న గ్రాఫు తప్పెందుకవుతుందని సర్దుకుంది.

నీటికుక్కల జంట వచ్చే నెల మొదటి గురువారం పదకొండు గంటలకు లారీ ఎక్కాలని తేలింది. తాబేలుకు పన్నెండడుగుల బోర్డు కట్టాలని కూడా తేలింది. బోర్డు పని ఆవిడ భర్తకే వచ్చింది. ఆయన జీవితంలో అంత పెద్ద బోర్డు రాయలేదు. 'మా జంతుప్రదర్శనశాలకే మణిపూస, తాబేలు. ఇక్కడ జనం సగటున పదకొండు నిమిషాలు నిలబడతారు' అని ఎరుపు మీద పసుపుతో రాశాడు. మూడుసార్లు వెనక్కి నడిచి చూసుకుని, నాలుగోసారి ఒక పాపను ఎత్తుకున్నావిడను గుద్దేశాడు.

లారీ రావడానికి ముందు రోజు పొద్దున, నీటికుక్కల కాపరి రికార్డుల గదికి వచ్చాడు. ఆయన్ను ఆఫీసంతా బాబాయ్ అంటారు. పద్నాలుగేళ్లుగా ఆ జంతువులే ఆయన సంసారం. ఈ జంట రెండూ పుట్టినప్పుడు సీసాతో పాలు పట్టింది ఆయనే.

"తల్లీ, పెట్టెల మీదకి రెండు చీటీలు రాసిపెడతావా? అక్కడివాళ్లకి వీటి అలవాట్లు తెలీవు కదా. ఆడదానికి గులకరాయి చేతిలో లేకపోతే నిద్ర పట్టదు. మగదానికి ఎడమ బూటు కనబడితే కొరుకుద్ది. కుడిదాన్ని ఏమనదు."

ఆవిడ మంచి కలం తీసింది. బాబాయ్ స్టూలు చివర కూర్చున్నాడు.

"నేనెప్పుడూ వాటి ముందు గుంపు ఉందనే అనుకునేవాణ్ణమ్మా. గ్రాఫులో నలభై సెకన్లే వచ్చిందంటగా. ముసలితనం కదా, కళ్లు మోసం చేశాయేమో. వాటి మీద ప్రేమతో నాకే అట్టా కనబడిందేమో."

ఆవిడ చీటీ మీద గీత కొడుతూ, "ఏ పెట్టెలో ఏది బాబాయ్? ముందు చీటీలు అంటించేస్తాను" అంది.

"అట్టా వద్దు తల్లీ. ముందు లోపలికి ఎక్కనీ. ఎక్కాక చూసి, అప్పుడు అంటించు. చీటీలు ముందే అంటించేస్తే అవేం చదువుకుంటాయా? దేన్లో పడితే దాన్లో దూరతాయి."

చీటీలక్కయ్య చేతిలో కలం ఆగిపోయింది. రిజిస్టరు లాగి, నీటికుక్క పేజీ తెరిచింది. పది నిమిషాలు, పన్నెండు, పదకొండు, పద్నాలుగు. తాబేలు పేజీ తెరిచింది. నలభై సెకన్లు, ముప్ఫై ఐదు, బూటు లేసు, నలభై రెండు, బూటు లేసు.

ఆవిడకు సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు బాబాయ్ మొహం చూస్తే ఏడుపొచ్చింది. పద్నాలుగేళ్లు కళ్లారా చూసిన మనిషి, తను అంటించిన రెండు వరుసల చీటీ చూసి తన కళ్లనే తప్పుపట్టుకున్నాడు.

సరైన గ్రాఫు గీయడానికి ఐదు నిమిషాలు పట్టింది. పేర్లు తొక్కుకుంటున్నా ఆవిడ లక్ష్యపెట్టలేదు. పరుగున వెళ్లి డైరెక్టరు గారి ఎదురుగా, సరిగ్గా ఆయన లోకంలో నిలబడి, తప్పు నాదే సార్ అని మొత్తం చెప్పేసింది. ఆయన చాలాసేపు తల ఊపలేక ఊరుకున్నాడు.

"బోర్డు పెట్టి వారమైంది మేడం. రోజూ తాబేలు దగ్గర తిరునాళ్లలా ఉందంటున్నారు. కావాలంటే వెళ్లి కొలుచుకు రండి."

ఆవిడ స్టాప్‌వాచీ పట్టుకుని వెళ్లింది. నిజమే. బోర్డు కింద యాభై జతల చెప్పులు కదలకుండా ఉన్నాయి. పదకొండు నిమిషాలు ఎందుకు నిలబడతారో చూద్దామని అందరూ పదకొండు నిమిషాలు నిలబడుతున్నారు. తాబేలు నిద్రపోతోంది. "ఇప్పుడు ఏదో చేస్తుంది, ఉండు" అని ఒకాయన భార్యను ఆపుతున్నాడు. సగటు పదకొండు నిమిషాల పది సెకన్లు వచ్చింది. నీటికుక్కల ముందు ఒక్క చెప్పు లేదు. అంకెలు చూపిస్తే డైరెక్టరు గారు, "చూశారా, మీ మొదటి గ్రాఫే కరెక్టు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ భర్తకు అంతా చెప్పింది.

"నేనప్పుడే అడిగాను కదా, ఆ కమ్మీ ఎందుకంత పొడుగుందని" అన్నాడు.

"అడిగారు" అంది ఆవిడ. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ మాట ఒప్పుకోవడం అదే మొదలు. ఆయనకది అలవాటు లేక కంగారుపడ్డాడు.

"ఇప్పుడేం చేద్దామంటావు?"

"రేపు పొద్దున ఒక్క గంట మీ బోర్డు కప్పేయాలండీ. చీటీ లేకుండా జనం ఏం చూస్తారో డైరెక్టరు గారు తన కళ్లతో చూడాలి."

ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పన్నెండడుగుల బోర్డు, ఎరుపు మీద పసుపు. ఆయనకు బాధగానే ఉంది, దాచుకోలేదు కూడా. తర్వాత లేచి, బీరువాలోంచి పెద్ద పువ్వుల దుప్పటి తీశాడు. దాని అంచుకు 'దుప్పటి, అడుగుల్లో' అని చీటీ ఉంది.

గురువారం పది గంటలకు మణిపూస బోర్డు మీద పువ్వుల దుప్పటి పడింది. డైరెక్టరు గారిని చీటీలక్కయ్య బతిమాలి, కాలరుతో సహా నడిపించుకొచ్చింది. గేటు తెరిచారు. జనం వచ్చారు, తాబేలును చూశారు, "పడుకుంది" అనుకున్నారు, కదిలారు. ముప్ఫై ఎనిమిది సెకన్లు. నలభై ఒకటి. ముప్ఫై ఆరు.

అవతల నుంచి కిచకిచలు వినబడ్డాయి. కాళ్లన్నీ అటే మళ్లాయి. డైరెక్టరు గారి గోధుమరంగు బూట్లు కూడా మళ్లాయి. అక్కడ ఆడ నీటికుక్క వెల్లకిలా తేలుతూ గులకరాయిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేస్తోంది. మగది దాన్ని లాక్కోవాలని నీళ్ల కింద నుంచి వచ్చి, ప్రతిసారీ ముక్కు మీద దెబ్బ తిని వెళుతోంది. చీటీలక్కయ్య స్టూలు మీద కూర్చుని బూట్ల వంకే చూస్తోంది. ఐదు నిమిషాలు. పది. లారీ వచ్చింది. పెట్టెలేవని అడగడానికి వచ్చిన డ్రైవరు చెప్పులు కూడా అక్కడే ఆగాయి. పదిహేను. ఇరవై.

"మేడం," అన్నాడు డైరెక్టరు గారు, "నా తల కదులుతోంది."

ఆవిడ తలెత్తి చూసింది. గులకరాయి ఎటు వెళితే ఆయన తల అటు వెళుతోంది, కాలరు లోపలే, బొటనవేలంత మేర. ఆవిడ నొక్కడం మరిచిపోయింది.

"లారీ వెనక్కి పంపించండి" అన్నాడాయన. "వాళ్లకేం ఇవ్వాలో వచ్చే నెల గ్రాఫులో చూద్దాం. పేర్లు నిటారుగా ఉండాలి. ఎవరి పేరు వాళ్ల కిందే ఉండాలి. ఈ తప్పుకు మీరు సంజాయిషీ రాసివ్వాలి."

బాబాయ్ కటకటాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన ఎడమ బూటు మగదాని నోట్లో ఉన్న సంగతి కూడా చూసుకోలేదు. సంజాయిషీ మర్నాడే వెళ్లింది. దానికి గ్రాఫు కూడా జతచేసి ఉంది.

తర్వాతి వారం ఆ పన్నెండడుగుల బోర్డును నీటికుక్కల దగ్గరకు మార్చారు. పాత పేరు మీద ఎర్ర రంగు పూసి, భర్త నిచ్చెన ఎక్కి కుంచె ముంచాడు. కింద చీటీలక్కయ్య స్టూలు మీద కూర్చుని ఉంది. ఈసారి స్టూలు ఆవరణ వైపు తిరిగి ఉంది.

"ఆగండి" అంది. "కిందికి దిగి ఒకసారి లోపలికి చూడండి. ఎవరున్నారు?"

"ఎవరుంటారోయ్, నీటికుక్కలే."

"చూసి చెప్పండి."

ఆయన కుంచె చేత్తో పట్టుకునే దిగాడు. కటకటాల దగ్గరకు వెళ్లి చూశాడు. చూస్తూ చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. కుంచెలోని పసుపు రంగు చుక్కలు చుక్కలుగా చెప్పుల మీద పడుతోంది. ఆవిడ వెళ్లి ఆయన పక్కన నిలబడింది. స్టాప్‌వాచీ స్టూలు మీదే ఉండిపోయింది.

"నీటికుక్కలే" అన్నాడు చాలాసేపటికి.

"అయితే రాయండి" అంది ఆవిడ.